నీడ ఎవరిది? బ్రూక్లిన్ నల్లవాడలో చెట్లు నాటిన చరిత్ర

రచ్చబండ పక్కనుండే రావిచెట్టు గురించి తెలుగులో రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. దాని గాలి, ఆకుల గలగల, కింద సాగే ముచ్చట్లు అన్నీ రాశారు. ఆ ముచ్చట్లలో కూర్చున్నదెవరు, ఎండలో చేతులు కట్టుకొని నిలబడ్డదెవరు అన్నది మాత్రం రాయలేదు. మాలపల్లె మనిషికి, మాదిగగూడెం మనిషికి ఆ నీడ కనబడేది తప్పు కట్టించడానికి పిలిచిన రోజునే. అదీ దూరం నుంచే. చెట్టుకు కులం లేదంటారు. దాని నీడకు మాత్రం ఉంది.

పట్నానికొస్తే ఈ లెక్క మారుతుందని మనలో చాలామంది నమ్మకం. పట్నంలో చెట్టు రోడ్డుది, రోడ్డు అందరిదీ కదా అనుకుంటాం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి నేను మన పట్నాన్ని కాకుండా న్యూయార్క్ నగరంలోని ఒక నల్లవాడను ఎంచుకున్నాను. దాని పేరు బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్. బ్రూక్లిన్ భాగంలో ఉంటుంది. అంత దూరం ఎందుకు పోవాలని ఎవరైనా అడగొచ్చు. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా చదువుకున్న నగరం అది. 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాసినప్పుడు నల్లవాళ్ల స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ ఉన్న పోలికను ఆయనే ఎత్తిచూపాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకున్నారు. కాబట్టి దారి కొత్తదేం కాదు. కాకపోతే మనవాళ్లు నల్లవాళ్ల తుపాకుల గురించి, కవిత్వం గురించి చదివినంతగా వాళ్ల చెట్ల గురించి చదవలేదు.

ముందు రంగుల సంగతి చెప్పుకోవాలి. 1933లో అమెరికా ప్రభుత్వం ఇంటి అప్పుల కోసం ఒక సంస్థ పెట్టింది. ఆ సంస్థ 1930ల చివర్లో పెద్ద నగరాలన్నిటికీ మ్యాపులు గీయించింది. ఏ పేటలో అప్పు ఇస్తే డబ్బు తిరిగొస్తుంది, ఏ పేటలో రాదు అని నాలుగు తరగతులు చేసింది. మొదటి తరగతి పేటకు పచ్చరంగు వేశారు. చివరి తరగతికి ఎర్రరంగు. నల్లవాళ్లు ఉన్న పేటకు, ఎంత బాగున్నా సరే, దాదాపు ఎప్పుడూ ఎరుపే పడింది. బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్‌కూ ఎరుపే. 'పచ్చని పేట' అనే మాటకు అమెరికాలో మొదటి అర్థం చెట్లున్న పేట అని కాదు, బ్యాంకు నమ్మిన పేట అని. ఎర్రగీత పడ్డచోట ఇంటికి అప్పు పుట్టదు, కప్పు బాగుచేసుకోవడానికి డబ్బు పుట్టదు. మునిసిపాలిటీ కూడా ఆ వైపు చూడటం తగ్గిస్తుంది. చెట్టు ఎండిపోతే దాని చోట ఇంకోటి పెట్టేవాడుండడు. 2020లో వెలువడిన ఒక పరిశోధన 108 అమెరికా నగరాలను పరీక్షించింది. అప్పట్లో ఎర్రగీత పడ్డ పేటలు ఇప్పటికీ మిగతా పేటలకన్నా సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నాయని తేల్చింది. గుమాస్తా పెన్సిలు గీత ఎనభై ఏళ్ల తర్వాత ఎండగా కాస్తూ ఉందన్నమాట.

ఇక మనుషులు. 1936లో హార్లెం వైపు నుంచి వచ్చే భూగర్భ రైలు ఈ పేటదాకా వేశారు. కిక్కిరిసిన హార్లెం నుంచి జనం ఇటు దిగారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి పత్తిచేలు వదిలి వచ్చినవాళ్లున్నారు. బార్బడోస్ వంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లున్నారు. తెల్లవాళ్లు ఒక్కో వీధీ ఖాళీచేసి పోయారు. బయటినుంచి చూసేవాడికి అంతా నల్లవాళ్లే. లోపల మాత్రం వీళ్లు వేరు, వాళ్లు వేరు. దీవులవాళ్లు పైసా పైసా కూడబెట్టి ఇళ్లు కొన్నారు. పాల్ మార్షల్ అనే రచయిత్రి 1959లో అచ్చయిన తన నవలకు ఆ రాతి ఇళ్ల పేరే కలిపి పెట్టింది. దక్షిణాదివాళ్లలో చాలామంది ఆ ఇళ్లల్లోనే ఒక్కో గదిలో అద్దెకున్నారు. యాస వేరు, చర్చి వేరు, పెళ్లి సంబంధాలు వేరు. ఒకరినొకరు తక్కువగా చూసుకోవడమూ ఉంది. మనకిది అర్థం చేసుకోవడం కష్టం కాదు. మెట్లమెట్లుగా ఉండే అసమానత గురించి అంబేద్కర్ చెప్పిందంతా మాలపల్లెకూ మాదిగగూడేనికీ మధ్య ఉన్న ఆ చిన్న దారిలో కనిపిస్తుంది. 1994 తర్వాత దండోరా ఆ దారి గురించి గట్టిగా మాట్లాడినప్పుడు, ఐక్యత పేరు చెప్పి నోరు మూయించాలని చూసినవాళ్లు మనలోనే ఉన్నారు. పైవాడి దృష్టిలో ఒకటే అయినంత మాత్రాన కిందివాళ్లు ఒకటైపోరు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోకూడదు. దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్లకు చెట్టంటే వట్టి నీడ మాత్రమే కాదు. 1882 నుంచి 1968 దాకా తెల్లమూకలు చంపిన నల్లవాళ్ల లెక్క టస్కెగీ విద్యాసంస్థ దగ్గర ఉంది. అది 3,446 మంది. వాళ్లలో ఎంతోమందిని ఊరి చెట్టుకే వేలాడదీశారు. చెట్టును ప్రేమించడం పుట్టుకతో అందరికీ వచ్చేదనీ, అమాయకమైన పనీ అనీ పర్యావరణం గురించి రాసేవాళ్లు అనుకుంటారు. ఆ ప్రేమకు కూడా ఒక చరిత్ర ఉంది.

1964 జూలైలో మాన్‌హటన్‌లో ఒక పోలీసు లెఫ్టినెంట్ పదిహేనేళ్ల నల్లపిల్లవాణ్ణి కాల్చి చంపాడు. హార్లెం మండింది, రెండు మూడు రోజుల్లో బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ కూడా మండింది. దుకాణాల అద్దాలు పగిలాయి, పోలీసు లాఠీలు విరిగాయి. పత్రికలకు ఆ పేట గుర్తొచ్చింది అప్పుడే. సరిగ్గా ఆ కాలంలోనే ఆ పేటలోని వెర్నాన్ అవెన్యూలో హ్యాటీ కార్థన్ అనే అరవై దాటిన నల్ల స్త్రీ తన వీధిలో చెట్లు లెక్కపెట్టుకుంటూ ఉంది. వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌లో 1900లో పుట్టిన మనిషి. తాను ఆ వీధికి వచ్చినప్పుడు రెండు పక్కలా చెట్లుండేవి. పదేళ్లు తిరిగేసరికి వేళ్లమీద లెక్కబెట్టేటన్ని మిగిలాయి.

ఆమె చేసిన మొదటి పని ఇరుగుపొరుగుకు పోస్టుకార్డులు రాయడం. మీటింగు పెడతాను రమ్మని పిలిచింది. ఏడుగురు వచ్చారు. ఆ ఏడుగురితోనే ఒక వీధి సంఘం పెట్టింది. టామ్‌కిన్స్, త్రూప్ అనే రెండు అడ్డవీధుల మధ్య ముక్క కాబట్టి దానికి టీ అండ్ టీ వెర్నాన్ సంఘమని పేరు. చెట్లకు డబ్బు కావాలి. దానికి ఆమె చందాలు అడగలేదు, వీధిలోనే కోడిమాంసం కాల్చి అమ్మింది. ఆ పైకంతో నాలుగు చెట్లు కొన్నారు. తర్వాతిసారి విందుకు 1966లో గద్దెనెక్కిన కొత్త మేయరు జాన్ లిండ్సేకు ఆహ్వానం పంపింది. ఆయన వచ్చాడు. ఓట్ల కోసమే వచ్చి ఉంటాడు, కాదనను. కానీ వచ్చినందుకు ఒక పద్ధతి పుట్టింది. వీధి సంఘం నాలుగు చెట్లు కొంటే పార్కుల శాఖ ఆరు ఇచ్చేట్టు ఒప్పందం. అదే ఏడాది చుట్టుపక్కల వీధులు కలిపి ఒక కమిటీ అయింది. దానికి ఆమే అధ్యక్షురాలు. పోనుపోను వంద దాకా వీధి సంఘాలు అందులో చేరాయి. గింకో, సికమోర్, హనీ లోకస్ట్ జాతులవి 1,500 పైచిలుకు చెట్లు నాటారు.

ఈ నాలుగూ ఆరూ లెక్కను నేను కొంచెం పట్టుకొని చూడదలిచాను, ఎందుకంటే అసలు కీలకం అందులోనే ఉందని నా అభిప్రాయం. ప్రభుత్వం పది చెట్లూ ఉచితంగా ఇచ్చి ఉంటే ఆ వీధిలో ఏ ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన పని లేదు. శాఖవాళ్లు వస్తారు, గుంటలు తీస్తారు, పోతారు. మన మునిసిపాలిటీలు మొక్కలు నాటే తీరు ఇదే. మంత్రిగారి ఫొటో అయ్యాక మేకలకు పండగ. మొత్తం పది చెట్లూ వీధే కొనుక్కోవాలంటే ఇళ్లున్నవాళ్లు మాత్రమే కొంటారు, వాళ్ల గుమ్మాల ముందే నాటుకుంటారు. నాలుగు మనవి, ఆరు వాళ్లవి అన్నప్పుడు మాత్రం ఇంటివాడు అద్దెవాడి తలుపు కొట్టక తప్పదు. దీవులామె దక్షిణాదామె చేతి కూర రుచి చూడక తప్పదు. మనసులు మారి చెట్లు నాటలేదు వాళ్లు. చెట్ల లెక్క కుదరాలి కాబట్టి ఒకరి గడప ఒకరు తొక్కారు.

అద్దెవాడికి అనుమానం ఉండదా అంటే, ఉండితీరాలి. ఇంటి ముందు చెట్టు పెరిగితే ఇంటికి ధర పెరుగుతుంది, ధర పెరిగితే అద్దె పెరుగుతుంది. చదువు లేనివాడికి కూడా అందే లెక్క ఇది. ఈ అనుమానం దగ్గరికి మళ్లీ వస్తాను.

నాటడం ఒక రోజు పని. బతికించడం రెండు మూడేళ్ల పని. పేవ్‌మెంటు రాళ్ల మధ్య చతురస్రం గుంటలో పెట్టిన లేతచెట్టుకు ఎండాకాలంలో వారానికి అరవై డెబ్బై లీటర్ల నీళ్లు కావాలి. జనం తొక్కీ తొక్కీ మట్టి గట్టిపడుతుంది, గుచ్చి గుల్ల చెయ్యాలి. కుక్కల మూత్రం, చలికాలంలో మంచు కరగడానికి రోడ్డుమీద చల్లే ఉప్పు, రెండూ వేరును చంపేవే. ఇదంతా ఎవరు చేస్తారు? కార్థన్ 1971లో పిల్లల దళం ఒకటి తయారుచేసింది. చెట్ల దళం అని దాని పేరు. ఆ పేట పిల్లలకు చెట్టు జాతులు గుర్తుపట్టడం, గుంట శుభ్రం చేయడం, నీళ్లు పట్టడం నేర్పించి, కొద్దిగా భత్యం కూడా ఇప్పించింది. భత్యం అన్న మాటను గమనించాలి. సేవ అని పేరుపెట్టి నల్లపిల్లలతో ఊరికే చేయించలేదామె. ఊడ్చే పని, నీళ్లు మోసే పని తరతరాలుగా ఎవరికి అంటగట్టారో ఎరిగిన మనకు ఈ చిన్న సంగతి పెద్దది. హైదరాబాదు రోడ్ల మధ్య డివైడర్ మీద పూలమొక్కలకు ట్యాంకరు పైపుతో నీళ్లు పట్టే కాంట్రాక్టు కూలీని చూసినప్పుడల్లా నాకు ఆ భత్యమే గుర్తుకొస్తుంది. ఆ మొక్కలు పేపర్లో పడతాయి, ఆ చేతులు పడవు.

కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని 1936లోనే అంబేద్కర్ తేల్చి చెప్పాడు. సహపంక్తి భోజనాల సంస్కర్తలకు ఆయన ఇచ్చిన సమాధానం అది. మరి వెర్నాన్ అవెన్యూ విందు ఏం సాధించినట్టు? కొలంబియాలో తనకు పాఠం చెప్పిన జాన్ డ్యూయీ నుంచి ఆయన తీసుకున్న ఆలోచన ఒకటుంది. సమాజంలో ఒక గుంపు అనుభవం ఇంకో గుంపులోకి ఇంకడానికి దారులు అనేకం ఉండాలి, ఆ దారులు తెరిచి ఉండాలి. భోజనం ఒక పూట దారి. చెట్టు మూడేళ్ల దారి. వారం వారం ఒకే బకెట్టు చేతులు మారే దారి. అందుకే విందులకన్నా ఈ నీళ్ల వంతు ఎక్కువ పని చేసిందంటాను. కానీ ఆ దారి మట్టిమీద నడిచింది, ఆ మట్టి వాళ్లది కాదు.

అదే ఢిల్లీలో 1995 జనవరి 30న ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అశోక్ విహార్ అనే ఉన్నవాళ్ల పేట. దాన్ని ఆనుకొని కూలీల ఝుగ్గీలు. మధ్యలో మిగిలిన ఖాళీ జాగా పార్కు అయింది. ఝుగ్గీవాళ్లకు అది బహిర్భూమి, ఎదుటివాళ్లకు అది పచ్చదనం. అడ్డం గోడ లేచింది, గోడకు కన్నం పడింది, తగువు ముదిరింది. రిపబ్లిక్ డే కవాతు చూద్దామని ఢిల్లీ వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఆ పొద్దున ఆ పార్కులోకి దొడ్డికి వెళ్లాడు. ఇళ్ల యజమానుల గుంపు, ఇద్దరు కానిస్టేబుళ్లు కలిసి కొట్టి చంపారు. నిరసన తెలిపిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే మరో నలుగురు చచ్చిపోయారు. అక్కడ కూడా పచ్చదనం కోసం ఇరుగుపొరుగు ఒకటయ్యారు మరి, గోడకు ఇవతలివాళ్లు ఇవతల. 'పౌరుల భాగస్వామ్యం' అని మనం ముచ్చటపడే మాటలో ఎవరు పౌరులు అన్నది ముందు అడగాలి. మరుగుదొడ్డి లేనివాణ్ణి చెట్టు నాటడానికి పిలవడం కూడా ఒక ఎగతాళే.

మళ్లీ బ్రూక్లిన్‌కు వద్దాం. మట్టి ఎవరిది అన్న ప్రశ్న కార్థన్‌కు ఒక మాగ్నోలియా చెట్టు నేర్పింది. లఫాయెట్ అవెన్యూలో 679 నంబరు ఇంటి ముందు ఉందది. మన సంపెంగకు చుట్టం. పెద్ద తెల్లపూలు, దళసరి మెరిసే ఆకులు. దక్షిణాది చెట్టు, ఆ చలిలో బతకడమే అరుదు. 1885 ప్రాంతంలో నార్త్ కరోలినా నుంచి మొక్కగా తెచ్చి నాటారు. వెనకనున్న రాతి ఇళ్లు ఉత్తరపు చలిగాలి తగలకుండా కాచాయి కాబట్టి నిలబడింది. ఆ పాతిళ్లను కూలగొట్టి కొత్త కట్టడాలు లేపే పథకం వచ్చింది. చెట్టును కొట్టబోమన్నా సరే, ఇల్లు పోతే చెట్టు పోయినట్టే. కార్థన్ సంతకాలు పోగుచేసింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది. 1970 ఫిబ్రవరిలో నగరపు చారిత్రక కట్టడాల సంఘం ఆ చెట్టును రక్షిత స్మారకంగా ప్రకటించింది. న్యూయార్క్‌లో అలాంటి గుర్తింపు పొందిన ఇంకో చెట్టు క్వీన్స్‌లో ఉండేది, అది 1998లో చచ్చిపోయింది. చెట్టుతో ఆమె ఆగలేదు, వెనకనున్న మూడు ఇళ్లనూ దక్కించుకుంది. ఆ ఇళ్లల్లోనే పేట పిల్లలకు చెట్ల గురించి, నేల గురించి చెప్పే కేంద్రం వెలిసింది. చెట్టును కాపాడాలంటే ముందు ఇల్లు మన చేతిలో ఉండాలి అన్న సంగతి ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదామె.

పట్నపు సామూహిక తోటల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 1973తో మొదలుపెడతారు. ఆ ఏడాది లిజ్ క్రిస్టీ అనే తెల్ల కళాకారిణి, ఆమె స్నేహితులు మాన్‌హటన్‌లోని బవరీ వీధి మూలన చెత్త జాగాను తోటగా మార్చారు. వాళ్లు పెట్టుకున్న పేరు 'గ్రీన్ గెరిల్లాస్'. మంచి పనే, నగరం నుంచి నెలకు డాలరు కౌలుకు ఆ జాగా సంపాదించారు కూడా. కానీ అప్పటికి వెర్నాన్ అవెన్యూలో ఏడెనిమిదేళ్లుగా చెట్లకు నీళ్లు పోస్తున్నారు. చరిత్ర ఎక్కడ మొదలైందన్నది ఎవరు రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

1975లో నగరం దివాలా అంచుకు వచ్చింది. యజమానులు ఇళ్లు వదిలేశారు, కొందరు బీమా కోసం తగలబెట్టించారు, పన్ను కట్టని జాగాలు నగరం చేతికొచ్చాయి. నల్లవాళ్లు, ప్యూర్టోరికన్లు ఆ జాగాల్లో పరుపులు, సిరంజీలు, ఇటుక రాళ్లు ఏరేసి కూరగాయలు వేశారు. 1978లో నగరం గ్రీన్‌థంబ్ అనే పథకం పెట్టి నామమాత్రపు కౌలుకు పట్టాలిచ్చింది. ఆ కాగితంలో ఒక షరతు ఉంది. నగరానికి అవసరమైనప్పుడు ఖాళీ చెయ్యాలి. డి పట్టా భూముల కథ తెలిసినవాళ్లకు ఈ షరతు వివరించక్కర్లేదు.

అవసరం ఇరవై ఏళ్లకు వచ్చింది. జాగాల ధరలు పెరిగాక మేయరు జూలియాని 1999 మేలో వంద పైచిలుకు తోటలను వేలం వేయిస్తానన్నాడు. కమ్యూనిజం కాలం అయిపోయిందని తోటమాలులకు గుర్తుచేశాడు. తాము బాగుచేసిన నేలను తామే కొనుక్కునే స్తోమత వాళ్లకెక్కడిది? వేలం ముందు రోజు రెండు స్వచ్ఛంద సంస్థలు కలిసి 42 లక్షల డాలర్లు కట్టి వాటిని విడిపించాయి. అందులో ఒకటి సినిమా నటి బెట్ మిడ్లర్ పెట్టింది. తోటలు దక్కాయి గానీ, దక్కించింది దాతలు. 2000 ఫిబ్రవరిలో ప్యూర్టోరికన్లు ఇరవై ఏళ్లకు పైగా పెంచుకున్న ఎస్పెరాంజా తోట మీదికి బుల్డోజరు వచ్చింది. ఎస్పెరాంజా అంటే ఆశ. గొలుసులతో తమను తాము కట్టేసుకున్నవాళ్లను అరెస్టు చేసి, అదే రోజు నేలమట్టం చేశారు. 2002లో కోర్టు కేసు రాజీ అయ్యాక దాదాపు 400 తోటలకు రక్షణ దొరికింది.

కార్థన్ ఇదంతా చూడలేదు. 1984లో కన్నుమూసింది. ఆమె పేరుతో లఫాయెట్ అవెన్యూ దగ్గరే ఒక తోట ఉంది.

ఇప్పుడు ఆ అద్దెవాడి అనుమానం దగ్గరికి రావాలి. ఆ పేట చెట్లు పెరిగాయి. ఎర్రగీత గీసినచోటికే బ్యాంకులు పరిగెత్తుకొచ్చాయి. అప్పట్లో ఎవరూ కొననన్న రాతి ఇళ్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. 2010కీ 2020కీ మధ్య జనాభా లెక్కల్లో ఆ పేటలో నల్లవాళ్లు ఇరవై వేలకు పైగా తగ్గారు, తెల్లవాళ్లు ముప్పై వేల దాకా పెరిగారు. ఇదంతా చెట్లవల్ల జరిగిందనడం తప్పు. పెట్టుబడి కదలికలకు కారణాలు వేరే ఉన్నాయి. కానీ ఇళ్ల దళారులు ప్రకటనల్లో 'చెట్లు పరుచుకున్న అందమైన వీధి' అని రాసుకునే వీధిని అలా చేసిందెవరో మనకు తెలుసు. ఇళ్లు కొనుక్కున్న నల్లకుటుంబాల్లో కొందరికి ఆ ధర దక్కింది. అద్దెకున్నవాళ్లకు దక్కింది ఖాళీ చెయ్యమన్న నోటీసు. విందులో ఒకచోట కూర్చున్న ఆ ఇద్దరు పొరుగువాళ్లను భూమి మళ్లీ రెండు చోట్లకు విడగొట్టింది.

కార్థన్ నాటించిన చెట్లలో ఎన్ని మిగిలాయో వీధి వీధీ తిరిగి లెక్కకట్టొచ్చు, న్యూయార్క్ పార్కుల శాఖ ప్రతి పదేళ్లకూ వీధి చెట్లను లెక్కించి రాస్తుంది కాబట్టి. 1971లో భత్యం తీసుకుని నీళ్లు పట్టిన పిల్లలకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. వాళ్లలో ఎందరు ఇంకా ఆ వీధుల్లోనే ఉన్నారన్న లెక్క చెట్ల పట్టీలో దొరకదు. అది తలుపు తలుపూ తట్టి అడిగితేనే తెలుస్తుంది, ఆమె మొదటి మీటింగుకు మనుషుల్ని పోగుచేసిన పద్ధతిలోనే.